చల్లని ఇంటికి పథకం: గడ్డి, ఊక, నాపరాయి

వేసవిలో రేడియో వార్తలు వినే అలవాటున్న వారికి రెంటచింతల పేరు కొత్త కాదు. ఆ పేరు వినగానే తక్కిన జిల్లాల శ్రోతలు అయ్యో అనుకొని విసనకర్ర అందుకుంటారు. మేము ఆ రెంటచింతలకు పది మైళ్ళ దూరంలో, పల్నాటి పల్లె ఒకదానిలో కాపురమున్నవాళ్ళము. ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం మా ఊరికి వింత కాదు. ఇల్లు ఎట్లా కట్టుకోవలెననే విషయమై మాట్లాడడానికి మా ఇద్దరికీ గల అర్హత ఒక్కటే. ఒక ఇల్లు కట్టి పొరబడినాము. రెండవ ఇంటిని ఇంకా కాగితం మీదనే ఉంచి, నిదానంగా ఆలోచిస్తున్నాము.

మా మొదటి ఇంటి స్థలంలో పూర్వం మా అమ్మగారి పూరిల్లు ఉండేది. రెండడుగుల మందాన మట్టిగోడలు, మీద అడుగు మందాన గడ్డికప్పు, ముందు పంచ. వానకు కారుతున్నదని, ఏటేటా కప్పు నేయించలేకపోతున్నామని, నిజం చెప్పవలెనంటే నలుగురిలో చిన్నతనంగా ఉన్నదని, దానిని పడగొట్టి 2012లో డాబా కట్టినాము. తొమ్మిదంగుళాల ఇటుక గోడలు, నాలుగంగుళాల కాంక్రీటు స్లాబు. గృహప్రవేశానికి వచ్చిన బంధువులందరూ మెచ్చుకున్నారు. ఆ ఏడు వేసవిలోనే మా అమ్మగారు, "అబ్బాయీ, ఈ ఇంట్లో పగలు ఉండవచ్చునేమో గాని, రాత్రి పడుకోలేనురా" అన్నారు. ముసలితనపు చాదస్తమనుకున్నాము.

2015 మే మాసం తెలుగునాట ఎవరూ మరచిపోలేరు. ఆ ఎండలకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో కలిసి వేయిమందికి పైగా మరణించినారు. అప్పుడే మా అమ్మగారికి వడదెబ్బ తగిలినది. తగిలినది పొలంలో కాదు. ఇంటిలో, ఫ్యాను క్రింద, రాత్రి పదకొండు గంటలకు. మూడు రోజులు ఆసుపత్రిలో ఉండి, దైవానుగ్రహం వలన బయటపడినారు. ఆమెకు రాత్రివేళ ఎండ ఎక్కడినుండి వచ్చినదన్న ప్రశ్న నాటినుండి మమ్ములను వదలలేదు. ఇంటికి చేసిన అప్పు తీరేసరికి ఇన్నేళ్ళు పట్టినది గనుక, ఆ ప్రశ్నకు సమాధానం వెదకడానికి కావలసినంత వ్యవధి దొరికినది.

సమాధానం నెత్తిమీదనే ఉన్నది. నాలుగంగుళాల స్లాబులో నుండి వేడి సుమారు మూడు గంటలలో క్రిందికి దిగుతుంది. మధ్యాహ్నం రెండు గంటల ఎండ అయిదు గంటలకు మంచం మీదికి వస్తుంది. దినమంతా త్రాగిన వేడిని స్లాబు అర్ధరాత్రి దాకా విడుస్తూనే ఉంటుంది. ఫ్యాను ఆ వేడిగాలినే త్రిప్పి మన ముఖాన కొడుతుంది. డాబామీద నీళ్ళు చల్లి, పైననే పడుకొనే పద్ధతి అందుకే ఏర్పడినది. ఇల్లు కట్టుకొని ఇంటి నెత్తిమీద పడుకొనడం విచిత్రమే గాని, మోకాళ్ళ నొప్పులున్న పెద్దలకు ఆ భాగ్యమూ లేదు గదా!

ఇక్కడ మాలో పాతుకొని ఉన్న ఒక పొరపాటును ముందు చెప్పవలె. గోడ మందంగా ఉంటే చల్లగా ఉంటుందని మేమనుకునేవాళ్ళము. మందం ఒక గుణం, వేడిని అడ్డగించడం వేరొక గుణం. మట్టి, రాయి, ఇటుక, కాంక్రీటు బరువైన పదార్థాలు. ఇవి వేడిని దాచుకొని ఆలస్యంగా ఇస్తాయి, అడ్డగించే శక్తి మాత్రం తక్కువ. గడ్డి, ఊక, దూది, ఉన్ని తేలిక పదార్థాలు. ఇవి దాచుకొనేది స్వల్పం, అడ్డగించేది ఎక్కువ. గొప్పతనం గడ్డిపోచది కాదు, పోచల నడుమ చిక్కుకొని కదలలేక నిలిచిన గాలిది. మేము లెక్క వేసి చూచినాము. తొమ్మిదంగుళాల ఇటుక గోడ ఎంత అడ్డగిస్తుందో, ముప్పాతిక అంగుళం గడ్డి అంత అడ్డగిస్తుంది. నాలుగంగుళాల కాంక్రీటు చేసే పనికి పావు అంగుళమైనా మందం లేని ఊక చాలును. మా డాబా ఎంత పలుచని బట్ట కట్టుకొని ఎండలో నిలుచున్నదో అప్పుడు తెలిసినది. పూరింటి మీది అడుగు మందం గడ్డికప్పు విలువా అప్పుడే తెలిసినది.

ఈ విషయాన్ని వెదుకుతూ పోగా, మేము చేరినది ఎండలులేని దేశానికి. కెనడాలో సస్కాచివాన్ అనే రాష్ట్రం ఉన్నది. దాని ముఖ్యపట్టణం రెజీనా. అక్కడ చలికాలంలో ఉష్ణోగ్రత సున్నకు దిగువ 30 డిగ్రీలకు పైగా పడిపోతుంది. 1973లో చమురు ధరలు మండిపోయిన తరువాత, ఎండతో వెచ్చబడే ఇల్లొకటి తమ ప్రాంతానికి తగినట్లు కట్టి చూపించవలసినదని అక్కడి ప్రభుత్వం నిపుణులను కోరినది. హెరాల్డ్ ఆర్ అనే ఇంజనీరు, ఆయన సహచరులు ఆలోచించి, వేడి అత్యవసరమైన నెలలలోనే అక్కడ ఎండ మిక్కిలి తక్కువ గనుక, వేడిని తెచ్చుకొనడం కంటె ఉన్న వేడిని పోనీయకుండుట ముఖ్యమని తేల్చినారు. 1977లో ఇల్లు లేచినది. గోడలు పన్నెండంగుళాల మందం, వాటినిండా తేలికైన నిరోధక పదార్థం. పైకప్పులో అంతకంటె ఎక్కువ. సందులన్నీ గాలి చొరబడకుండ మూసినారు. అయితే మనుష్యులకు గాలి వలెను గదా! అందుకు ఒక చిన్న యంత్రం అమర్చినారు. బయటికి పోయే చెడ్డగాలి తన వెచ్చదనాన్ని లోపలికి వచ్చే మంచిగాలికి అప్పగించి పోతుంది. ఆ చలిదేశంలో ప్రతి ఇంటికీ ఉండే కొలిమి వంటి పొయ్యి ఆ ఇంటికి అవసరం లేకపోయినది. ఆ ఇంటిలో బాగా ఖర్చుపెట్టి అమర్చిన సౌరయంత్రం మాత్రం చిక్కులు తెచ్చినందున తరువాత తీసివేసినారు. యంత్రం పోయినది, గోడ నిలిచినది. జర్మనీలోని డార్మ్‌స్టాట్ నగరంలో 1991లో వోల్ఫ్‌గాంగ్ ఫైస్ట్ కాపురం ప్రవేశించిన ఇల్లు ఈ మార్గంలో మరింత ముందుకు పోయినది. ఆయన కూడా ఈ రెజీనా ఇంటిని తన మార్గదర్శకులలో చేర్చి చెప్పినారు.

అంత నిరోధక పదార్థం కొనవలెనంటే మావంటి వారికి శక్యమా అనుకొంటుండగా, మరొక దేశపు రైతుల సంగతి తెలిసినది. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రాన ఇసుకదిబ్బల ప్రాంతమొకటి ఉన్నది. అక్కడ చెట్లు లేవు, దూలానికి కలప లేదు. నేల ఇసుక గనుక మట్టిగోడ నిలువదు. గడ్డి మాత్రం కావలసినంత. గడ్డిని ఒత్తి కట్టలు కట్టే యంత్రాలు వచ్చిన తరువాత, 1890ల నుండి వారు ఆ కట్టలనే ఇటుకల వలె పేర్చి ఇండ్లు కట్టుకున్నారు. మొదట్లో ఒక బడి కట్టి, గోడలకు పూత పూయక, చుట్టూ కంచె వేయక వదిలినారట. ఆవులు వచ్చి బడిని మేసినవి! ఆ తరువాతి వారు బుద్ధిగా పూత పూసినారు. ఆర్థర్ అనే గ్రామంలో 1928లో గడ్డికట్టలతో కట్టిన ప్రార్థనాలయం నేటికీ నిలిచి ఉన్నది. ఫ్రాన్సులో మొంతార్జీ పట్టణంలో 1920లో కట్టిన గడ్డిగోడల ఇల్లు నూరేండ్లు దాటినా చెక్కుచెదరలేదు. అమెరికాలో ఇండ్ల నిర్మాణానికి ఆదర్శంగా వెలువడే నిబంధనావళిలో కూడ 2015లో గడ్డికట్టల గోడలను గురించి ఒక అనుబంధం చేర్చినారు.

ఇది చదివిన నాడు మేము ఊరి బయటికి పోయి చూచినాము. సాగరు కుడికాలువ క్రింద వరికోతలు యంత్రాలతో జరుగుతున్నవి. పశువులు తగ్గిపోయినందున కొందరు గడ్డిని పొలంలోనే కాల్చివేస్తున్నారు. ఆ పొగ చూచి మాకు కలిగిన బాధ ఇంతకుముందు ఎన్నడూ కలుగలేదు. ఇల్లు కట్టవలసిన వస్తువు కళ్ళయెదుట తగులబడుతున్నదే అనిపించినది.

అయినా, చలిదేశపు ఇంటిని ఎత్తుకొని వచ్చి పల్నాటిలో దింపితే కుదరదు. అక్కడ వేడిని లోపల నిలుపుకొనవలె, ఇక్కడ బయట నిలుపవలె. ఊరకనే కూర్చున్న మనిషి కూడ నూరు వాట్ల దీపమంత వేడిని విడుస్తాడు. పొయ్యి వేడి అంతకు ఎన్నోరెట్లు. ఆ వేడిని బయటికి పంపే దారి లేకుండ ఇంటిని మూటకట్టితే, మన మూటలో మనమే ఉడికిపోతాము. మరొక భేదమున్నది. రెజీనాలో లోపలి గాలి తేమ గోడలోనికి పోకుండ లోపలివైపున ప్లాస్టిక్ పొర పరచినారు. వానాకాలపు తేమ బయటినుండి వచ్చే మన దేశంలో, అందులోను లోపల ఏ.సి. యంత్రం పెట్టుకునే ఇంట్లో, ఆ పొర లోపలనే పరిస్తే తేమ దానికి అవతల చిక్కి గడ్డిని కుళ్ళబెడుతుంది. మన గోడకు తగినది శ్వాసించే పూత, అనగా మట్టి, సున్నం. సున్నానికి మాకు కొరత లేదు. పిడుగురాళ్ళ బట్టీలు దగ్గరనే ఉన్నవి.

కాబట్టి మా పథకానికి మూలసూత్రం ఈ విధంగా కుదిరినది: బరువైనది లోపల, తేలికైనది బయట. రాత్రి నాలుగవ జామున గాలి కొంత చల్లబడినప్పుడు కిటికీలు తెరిచి, ఆ చల్లదనాన్ని నాపరాతి నేలకు, రాతిగోడకు పట్టించవలెను. ఉదయం ఎనిమిదింటికి కిటికీలు మూయవలెను. గడ్డి, ఊక బయటినుండి కాపుకాస్తే, రాయి తన చల్లదనాన్ని సాయంత్రం దాకా నిలుపుకొంటుంది. రాయి బయట, గడ్డి లోపల అయితే ఎండలో కాగిన రాయి అర్ధరాత్రి దాకా కాగుతూనే ఉంటుంది. వాడే వస్తువులు అవే అయినా, వరుస మారితే ఫలితం మారిపోతుంది. మేస్త్రీతో మాట్లాడడానికి ముందే కాగితం మీద తేల్చుకోవలసిన సంగతి ఇదే.

పిమ్మట సూర్యుని లెక్క చూచినాము. మా ప్రాంతంలో మే మొదటి వారం ముగిసేసరికి మధ్యాహ్నసూర్యుడు నడినెత్తికి వస్తాడు, ఆపైన కొంచెం ఉత్తరానికి జరుగుతాడు. అప్పుడు దక్షిణపు గోడ మీద ఎండ పడడమే అరుదు. దెబ్బంతా కప్పు మీద, తరువాత తూర్పు పడమటి గోడల మీద. అందువలన ఇల్లంతా గడ్డికట్టలతో చుట్టవలెనన్న మొదటి ఉత్సాహం తగ్గించుకున్నాము. ఇల్లు 36 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు. పొడవు తూర్పు పడమరలుగా. ఉత్తర దక్షిణాల గోడలు అడుగు మందం రాయి, వాటి ముందు ఎనిమిదడుగుల వసారాలు. కిటికీలన్నీ అటే. పడమటి గోడకు కిటికీ లేదు. తూర్పున ఒక ద్వారం మాత్రం. ఈ రెండు గోడలకు రాతి వెలుపల 14 అంగుళాల గడ్డికట్టల పొర, దానిమీద మట్టి, ఆపైన సున్నం.

కట్ట మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, 14 అంగుళాల మందం. అంచు మీద నిలిపితే నాలుగున్నర చదరపుటడుగుల గోడను కప్పుతుంది. రెండు గోడలకు 130 కట్టలు. కోతలలో చెడేవి కలుపుకొని 150. పడమటి గోడకు చేరే గడ్డి ఒక్కటే పదిహేనడుగుల ఇటుక చేసే పని చేస్తుందని మా లెక్క. కప్పు సంగతి వేరు. స్లాబు మానివేసి, పెంకుటిల్లు చేయ నిశ్చయించినాము. పెంకుల క్రింద వాన దిగకుండ రేకు పొర, దాని క్రింద గాలి ఆడడానికి జాగా, రెండు గోడకొనలలో వేడిగాలి పోవడానికి జాలీలు. అటక మీద అడుగు మందాన, సున్నం కలిపిన ఊక. ఊకకు కృష్ణ దాటి మిర్యాలగూడెం మిల్లులకు పోవలె. మా అటకకు సుమారు మూడు టన్నులు పడుతుంది. అది ఇరవై ఆరడుగుల కాంక్రీటుకు సాటి. ఈ అంకె చెప్పినప్పుడు మా మేస్త్రీ నవ్వి, మళ్ళీ లెక్క వేయమన్నాడు. వేసినాము. అంతే వచ్చినది.

వంటిల్లు ఉత్తరపు వసారా కొసన, నడి ఇంటికి గోడ అడ్డంగా పెట్టి, మీద పొగగూడు ఇస్తున్నాము. ఇంటిని వేడి చేసే దానిని ఇంటికి దూరంగా ఉంచడం మన పూర్వులకు తెలిసినదే.

ఈ పథకాన్ని మా అమ్మగారి ముందు పెట్టినప్పుడు ఆమె అడిగిన ప్రశ్నలు ఏ ఇంజనీరూ అడుగలేదు. నిప్పు మాటేమిటి? చెదలు మాటేమిటి? ఎలుకలు, పందికొక్కుల మాటేమిటి? చిన్నతనంలో ఒకే మధ్యాహ్నాన పూరిండ్ల వరుస అంతా కాలిపోవడం ఆమె చూచినారు. విడిగడ్డి వేరు, ఒత్తిన కట్టకు పూత పూసిన గోడ వేరు అని చెప్పినాము. అమెరికాలో జరిపిన పరీక్షలలో మట్టిపూత గోడ ఒక గంట, సున్నం, సిమెంటు పూత గోడ రెండు గంటలు నిప్పుకు ఓర్చినవని చెప్పినాము. ఆమె నమ్మలేదు. అందుచేత ఒక కట్టకు నాలుగు వైపుల పూత పూసి, ఆరిన తరువాత, పిడకల మంటను అరగంట సేపు ఒక పక్కన రాజబెట్టినాము. ఆమె రెండవ పక్కన చేయి పెట్టి చూచినారు. ఏమీ అనలేదు గాని, మరునాడు చెదల మాట ఎత్తినారు. నిప్పు విషయంలో తృప్తిపడినట్లు మేము గ్రహించినాము.

ఊక మాత్రం కాలితే మంటలేకుండ లోలోపల రాజుతుంది. అందువలన విద్యుత్తు తీగ ఒక్కటి కూడ అటక మీదుగా పోరాదని నిర్ణయించినాము. తీగలన్నీ గోడల వెంట, గొట్టాలలో. చెదల కొరకు రెండున్నర అడుగుల రాతి పీఠం, గోడకు పీఠానికి నడుమ రేకు పట్టీ. ఎలుకల కొరకు పూత లోపల సన్నని ఇనుప వల. పూత పగిలినచోట వెంటనే మెత్తడం ఇంటివారి వంతు. పూరింటికి ఏటేటా కప్పు నేయించినవారికి ఇది పెద్ద పని కాదు.

అన్నిటికంటె పెద్ద శత్రువు నీరు. ఈ సంగతి మేము నష్టపడి తెలుసుకున్నాము. మంటకు ఓర్చిన ఆ కట్టనే వానాకాలమంతా చూరు క్రింద ఉంచినాము. ఒక మూల పూత బీటవారినది, చూడలేదు. కార్తీకంలో విప్పి చూడగా ఆ మూల జానెడు మేర నల్లగా కుళ్ళి, పుట్టగొడుగుల వాసన వచ్చినది. తక్కిన భాగం బంగారు వన్నెతో, కోసిన నాటివలె ఉన్నది. ఆ రోజే పడమటి చూరు రెండడుగులనుండి నాలుగడుగులకు పెంచినాము. కట్టలో తేమ బరువులో అయిదవ వంతు దాటరాదన్నది నియమం. గడ్డి పైరుకోతనాడే కొని, కళ్ళంలో ఆరబెట్టి, కప్పు వేసిన చోట దాచవలె. గోడ కట్టేముందు కప్పు పూర్తి కావలెను. మామూలు ఇంటికి గోడలు ముందు, కప్పు తరువాత. ఈ ఇంటికి స్తంభాల మీద కప్పు ముందు, తరువాత గడ్డి.

కొత్త ఇల్లు కట్టే స్తోమత లేనివారు, ఉన్న స్లాబు క్రింద పడుకొనేవారు ఏమి చేయవలెనని శ్రోతలు అడుగవచ్చును. చేయదలచినది స్లాబు పైన చేయవలె. క్రింద పలకలు బిగిస్తే గదికి కొంత మేలే గాని, స్లాబు ఎండలో మాడుతూనే ఉంటుంది. అతి చౌకది తెల్లసున్నం. తెల్లని కప్పు ఎండలో చాల భాగాన్ని తిరిగి ఆకాశానికే పంపుతుంది. ఇటువంటి చల్లని కప్పుల కొరకు తెలంగాణ ప్రభుత్వం 2023లో ఒక విధానమే ప్రకటించినది. మేము మా డాబాకు మార్చిలో ఒకసారి సున్నం కొట్టి చూచినాము. ఆ వేసవి రాత్రి మా అమ్మగారు తొలిసారిగా నులకమంచం లోపల వేయించుకున్నారు. దుమ్ము పడి తెలుపు మాసిపోతుంది గనుక ఏటా కొట్టవలసి వస్తుంది. తెల్ల పెంకుముక్కలు పరిస్తే ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఇక మా ఇంటి సంగతి. పుష్యమాసంలో కట్టలు కొనడానికి కాలువ క్రింది రైతుతో మాట అయినది. మా అమ్మగారు అన్నిటికీ ఒప్పుకొని, ఒక్క షరతు పెట్టినారు. ముందరి వసారాకు పెంకు వేయరాదట, గడ్డే నేయవలెనట. అది కారితే ఎట్లా అన్నాము. "కారనీ, అక్కడ పడుకునేది నేను గదా" అన్నారు. పటంలో ఆ వసారాను మళ్ళీ గీస్తున్నాము.